కారు టైర్ల సైజు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: టైరు ఎంత వెడల్పుగా ఉంటే కారు అంత భద్రం.

టైర్లు మార్పించుకోవడానికి మా దుకాణానికి వచ్చేవారి నోట నేను రోజూ వినే మాట ఇది. ఆమధ్య ఒకాయన, మలుపు తిప్పినప్పుడల్లా ముందు చక్రం దగ్గర గరగరమని శబ్దం వస్తోందని కారు తీసుకువచ్చారు. స్టీరింగును చివరిదాకా తిప్పి, చక్రం వెనుక ఉండే ప్లాస్టిక్ తొడుగు లోపల చేయి పెట్టి చూస్తే, ఒకచోట అది అద్దంలా నున్నబడి, అంచు చిరిగి ఉంది. టైరు భుజం మీద కూడా సరిగ్గా అదే ఎత్తులో రాసుకున్న గీత కనిపించింది. కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్15 టైర్లు తీసేసి, వేరేచోట 205/65 ఆర్15 వేయించుకున్నారట. ఖాళీ కారుకు రాని ఆ శబ్దం, నలుగురు కూర్చుని సామాను పెట్టగానే స్ప్రింగులు కిందికి దిగడంతో మొదలైంది.

ఆ అంకెలను చదవడం కష్టమేమీ కాదు. 185 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 65 అంటే టైరు పక్కగోడ అయిన సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. 15 అనేది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. రిమ్ము 381 మిల్లీమీటర్లకు పైనా కిందా సైడ్‌వాళ్లు కలిపితే టైరు మొత్తం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు వస్తుంది. 205/65కు అదే లెక్క వేస్తే 647.5, అంటే 4 శాతానికి పైగా ఎక్కువ. వెడల్పు ఒక్కటే పెంచామని ఆయన అనుకున్నారు గానీ, రెండో అంకె శాతం కనుక వెడల్పుతో పాటు ఎత్తూ పెరిగింది. స్పీడోమీటరు చక్రం తిరిగిన చుట్లనే లెక్కిస్తుంది కాబట్టి, పాత టైర్లతో పోలిస్తే ముల్లు అదే అంకె మీద ఉన్నా కారు 4 శాతం ఎక్కువ వేగంతో పోతుంది. పైగా నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైరు త్వరగా నీటిపై తేలుతుంది. వానాకాలంలో విజయవాడ - హైదరాబాద్ రహదారి మీద తిరిగేవారు దీన్ని తప్పక ఆలోచించాలి.

సైజు మార్చక తప్పకపోతే మొత్తం ఎత్తులో తేడా 2 శాతం దాటకుండా చూడాలన్నది నేను పాటించే కట్టుబాటు. ఆ కారుకే 195/60 ఆర్15 వేస్తే ఎత్తు 615 అవుతుంది, తేడా 1 శాతమే. అయినా రిమ్ము వెడల్పు సరిపోతుందో లేదో చూడకుండా బిగించకూడదు: అయిదున్నర అంగుళాల రిమ్ముకు 215 టైరు ఎక్కించగలరేమో గానీ, అది ఆ రిమ్ముకు తగిన టైరు కాదు. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన చీటీలో ఉన్న సైజే నా మొదటి సలహా.

అపోహ: సైజు కలిస్తే చాలు, చివర ఉండే అంకె, అక్షరం పట్టించుకోనక్కర్లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఈ నమ్మకమే. టైరు మీద సైజు తర్వాత 88హెచ్ అని ఉన్నచోట 88 ఆ టైరు మోయగల బరువును, అంటే 560 కిలోలను సూచిస్తుంది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా పనికివస్తుందని అర్థం. 84 ఉన్న టైరు మోసేది 500 కిలోలే. నాలుగు టైర్లకూ కలిపి 240 కిలోల సామర్థ్యం తగ్గినా, దుకాణంలో చూస్తే రెండూ ఒకేలా నల్లగా మెరుస్తుంటాయి. పెళ్లికో తీర్థయాత్రకో నిండా జనాన్ని ఎక్కించుకుని మే నెల ఎండలో బయలుదేరినప్పుడు, మోయలేని టైరు సైడ్‌వాల్ వంగి వంగి లోలోపలే వేడెక్కుతుంది. మునుపటి కంటే తక్కువ అంకె ఉన్న టైరును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

అపోహ: రెండే కొత్త టైర్లు కొంటే ముందు చక్రాలకే వేయాలి.

ఇంజను ముందు చక్రాలనే తిప్పే కార్లలో అవే ముందు అరుగుతాయి కనుక ఇది సబబుగానే తోస్తుంది. కానీ తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే కారు మలుపు తిరగకుండా తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనుకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది. ఆ క్షణంలో దాన్ని సరిదిద్దడం అనుభవజ్ఞులకూ కష్టమే. కాబట్టి కొత్తవి వెనుక వేసి, బాగున్న పాతవి ముందుకు మార్చుకోవాలి. ఒకే ఇరుసు మీద రెండు రకాల టైర్లు మాత్రం వేయకూడదు.

అపోహ: టైరు మీద రాసి ఉన్నంత గాలి కొట్టించాలి.

అది టైరు తట్టుకునే గరిష్ఠ పరిమితి. మీ కారుకు కావలసినంత ఆ తలుపు చీటీ మీదే ఉంటుంది, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి.

అపోహ: దుకాణంలో కొన్నది గనుక కొత్త టైరే.

టైరు మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం. అది చాలాసార్లు ఒకవైపే ఉంటుంది కాబట్టి బిగించాక లోపలి వైపుకు పోయి కనబడకపోవచ్చు. రిమ్ముకు ఎక్కించకముందే నాలుగు టైర్లనూ నేల మీద దొర్లించి, తేదీతో పాటు ఐఎస్‌ఐ గుర్తునూ మీ కళ్లతో మీరే చూసుకోండి.