షుగర్ ఉంటే క్యాన్సర్ తప్పదా? అపోహలు - వాస్తవాలు

అపోహ: షుగర్ ఉన్నవాళ్లకు ఎప్పటికైనా క్యాన్సర్ వస్తుంది.

వాస్తవం: చాలామందికి రాదు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో కాలేయం, క్లోమం (పాంక్రియాస్), గర్భాశయం లోపలి పొర క్యాన్సర్లు మిగతావాళ్లకంటే సుమారు రెట్టింపు. పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లలో ఆ తేడా ఇంకా తక్కువ. ప్రొస్టేట్ క్యాన్సరైతే వీళ్లకు కాస్త తక్కువే. ఊబకాయం, పొగ, మద్యం రెండు జబ్బులకూ దారి తీస్తాయి. నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్లీ ఒక్క చుక్క రక్తం కనబడినా ‘వేడి చేసింది’ అని ఊరుకోకండి, గర్భాశయ క్యాన్సర్ కావచ్చు, స్కానింగ్ చేయించాల్సిందే.

అపోహ: ఇన్సులిన్ సూదితో క్యాన్సర్ వస్తుంది.

వాస్తవం: 12,500 మందికి పైగా పాల్గొన్న ‘ఆరిజిన్’ ట్రయల్‌లో సగం మందికి గ్లార్జిన్ అనే ఇన్సులిన్ ఇచ్చి ఆరేళ్లపాటు చూశారు. 2012లో ఫలితాలు వచ్చాయి. క్యాన్సర్లు పెరగలేదు. జాగ్రత్త పడాల్సింది పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్రతో. మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లు, వచ్చి తగ్గినవాళ్లు దాన్ని వాడకూడదు.

అపోహ: కీమో రోజుల్లో పరగడుపు షుగర్ బాగుంటే చాలు.

వాస్తవం: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. వాంతులు రాకుండా కీమోతో ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడ్ మందు. పొద్దున ఇస్తే మధ్యాహ్నం నుంచి షుగర్ ఎక్కి, తెల్లారేసరికి దిగిపోతుంది. పరగడుపున 110 ఉన్న మనిషికే సాయంత్రం 350 చూపించవచ్చు. అందుకే ఆ రెండు మూడు రోజులు మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు, రాత్రి భోజనానికి ముందు తప్పక చూసుకోండి. సాయంత్రం అంకె చూసి కంగారుపడి రాత్రి ఇన్సులిన్ సొంతంగా పెంచారా, తెల్లవారుజామున చెమటలు పట్టి లో షుగర్‌లోకి వెళ్తారు. పెంచాల్సింది సాధారణంగా పగటి డోసు, అదీ డాక్టర్ చెప్పాకే. రక్తం ఎక్కించిన తర్వాత కొన్ని వారాలపాటు మూడు నెలల సరాసరి షుగర్ పరీక్ష (HbA1c)నూ నమ్మలేం.

అపోహ: షుగర్ వచ్చింది కదా, చిక్కిపోవడం మామూలే.

వాస్తవం: 50 దాటాక కొత్తగా షుగర్ బయటపడి, దాంతోపాటు బరువు పడిపోతుంటే మాత్ర పెంచి ఊరుకోవద్దు. ఏళ్లుగా అదుపులో ఉన్న షుగర్ తిండీ మందూ మారకుండానే ఉన్నట్టుండి పెరిగినా అంతే. ఆకలి చావడం, వీపులోకి పాకే కడుపునొప్పి, కళ్లు పచ్చబడటం తోడైతే క్లోమంలో క్యాన్సర్ ఉందేమో చూడాలి. మామూలు అల్ట్రాసౌండ్‌లో పేగుల్లోని గాలి అడ్డొచ్చి క్లోమం సరిగ్గా కనబడదు. రిపోర్టులో ‘గ్యాస్ వల్ల క్లోమం కనబడలేదు’ అని ఉంటే అది నార్మల్ రిపోర్టు కాదు. కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) అవసరమా అని డాక్టర్‌ను అడగండి. వెళ్లేటప్పుడు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) రిపోర్టు, వాడే మందుల చీటీ దగ్గర పెట్టుకోండి.