పెరుగు పలచగా వస్తే తప్పు పాలదేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

గాజువాకలో మా పెరుగు కొట్టుకి వచ్చేవాళ్లు తరచూ ఒక మాట అంటారు: “ప్యాకెట్ పాలు కదండీ, గట్టిగా ఎక్కడ తోడుకుంటాయి?” నన్నడిగితే పాల రకం ఎంత ముఖ్యమో, కాచే తీరు, తోడేసే వేడి కూడా అంతే ముఖ్యం.

అపోహ: వెన్న ఎక్కువున్న పాలే గట్టిగా తోడుకుంటాయి.
పెరుగును గడ్డకట్టించేది వెన్న కాదు, కేసిన్ అనే ప్రొటీన్. వెన్న వల్ల కమ్మదనం, మీగడ వస్తాయి. గేదె పాలలో రెండూ ఎక్కువే కాబట్టి ఆ పెరుగు చెంచాకి నిలబడుతుంది. 3 శాతం వెన్న ఉన్న టోన్డ్ పాలతోనూ మంచి పెరుగు వస్తుంది, కాకపోతే సరిగ్గా కాచాలి. చాలామంది పొంగు రాగానే స్టవ్ కట్టేస్తారు. అలా కాకుండా మంట తగ్గించి, అడుగంటకుండా గరిటెతో కలుపుతూ మరో పది నిమిషాలు మరిగించండి. ఆ వేడికి పాలలోని వే ప్రొటీన్లు (పాలు విరిగినప్పుడు తేట నీటిలో మిగిలేవి) విచ్చుకుని కేసిన్‌కి అతుక్కుంటాయి, కొంత నీరూ ఇగురుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే లీటరుకి రెండు మూడు చెంచాల పాలపొడి ఉండకట్టకుండా కలపండి.

మేక పాలు మాత్రం ఎంత కాచినా జారుగానే తోడుకుంటాయి. వాటి కేసిన్ తీరే వేరు, అది మీ చేతి తప్పు కాదు.

అపోహ: తోడు ఎక్కువేస్తే గట్టిపడుతుంది.
గట్టిపడదు, త్వరగా పులుస్తుంది. లీటరుకి ఒక చెంచా తాజా పెరుగు చాలు. చిటికెన వేలు ముంచితే హాయిగా ఓర్చుకోగలిగే వేడిలో, అంటే సుమారు 40 డిగ్రీల దగ్గర తోడెయ్యాలి. పొగలొచ్చే పాలలో వేస్తే తోడులోని బాక్టీరియా చచ్చిపోతుంది. మన విశాఖ ఎండాకాలంలో నాలుగైదు గంటలు దాటితే పులుపెక్కుతుంది. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. డిసెంబరు రాత్రుళ్లు మాత్రం గిన్నెకి తువ్వాలు చుట్టి తెల్లారేదాకా వదిలెయ్యాలి. మధ్యలో మూత తీసి గిన్నె వంచి చూశారో, గడ్డ విరిగి నీరు వదులుతుంది.

పైన తేలే ఆ తేట నీటిని చూసి కల్తీ అనుకోకండి. అందులోనూ ప్రొటీన్ ఉంది, పారబొయ్యకుండా మజ్జిగలో కలిపెయ్యండి.

అపోహ: టెట్రా ప్యాక్ పాలు తోడుకోవు, అందులో అన్నీ చచ్చిపోయి ఉంటాయి.
బాక్టీరియా తోడుతోనే వస్తుంది, పాలలో ముందే ఉండనక్కర్లేదు. పైగా ఆ పాలను ఎక్కువ వేడిలో శుద్ధి చేసి నింపుతారు కాబట్టి మళ్లీ మరిగించే పనీ లేదు, గోరువెచ్చన చేస్తే సరి.

అపోహ: ఏ మొక్క పాలైనా పెరుగవుతాయి.
సోయా పాలలో ప్రొటీన్ ఉంది కాబట్టి చక్కగా గడ్డకడతాయి, పచ్చి చిక్కుడు వాసన కాస్త ఉంటుంది. కొబ్బరి పాలలో ప్రొటీన్ తక్కువ, అందుకే అవి పులుస్తాయి గానీ గడ్డకట్టవు, పైన కొబ్బరి కొవ్వు తేలుతుంది. చిక్కదనం కావాలంటే తోడెయ్యకముందే కాస్త కార్న్‌ఫ్లోర్ (తెల్లటి మొక్కజొన్న పిండి) కలిపి ఉడికించి, చల్లార్చుకోవాలి.