పది వేల బోరు మోటార్లు, రెండున్నర సెకన్లు

మా ఊరు నర్సంపేట దగ్గర. వ్యవసాయానికి కరెంటు విడతలుగా ఇచ్చే రోజుల్లో, త్రీ ఫేజ్ రాత్రి ఏ రెండింటికో మూడింటికో వచ్చేది. దాని కోసం ఎవరు మేలుకుంటారు? అందుకని ప్రతి బాయికాడా ఆటో స్టార్టర్ బిగించుకొని పడుకునేవాళ్లు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టప్‌మని ఫ్యూజు పోయేది. ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలేది. తెల్లారి దాన్ని ట్రాక్టర్‌లో వేసుకొని రిపేరుకు పోవడం, ఖర్చుకు తలా ఇంత చందా వేసుకోవడం మామూలే.

మా నాన్న ఒకసారి అడిగాడు. "అవే మోటార్లు పగలంతా నడిస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏం కాదు గదరా. లేచేటప్పుడే ఎందుకు కాలుతది?" ఇండక్షన్ మోటార్ లేచే క్షణంలో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుందని నేను ఎలక్ట్రికల్ చదివాక గానీ చెప్పలేకపోయాను. రోజు మొత్తానికి కాలిన యూనిట్లు చూస్తే పెద్ద తేడా ఉండదు. ఆ కొన్ని సెకన్లలో లాగిన వేగమే కొంప ముంచుతుంది.

విమాన వాహక నౌక మీద విమానాన్ని ఎగరేసే ఇంజనీర్ల తలనొప్పి కూడా సరిగ్గా ఇదే. లెక్క వేసి చూద్దాం, పెద్ద కష్టమేం కాదు. యుద్ధ విమానం బరువు 20 టన్నులు అనుకుందాం. అది గాల్లోకి లేవాలంటే సెకనుకు 70 మీటర్ల వేగం, అంటే గంటకు 250 కిలోమీటర్ల పైచిలుకు కావాలి. నౌక ఎదురుగాలిలోకి దూసుకుపోతుంది కాబట్టి నిజానికి కొంత తగ్గుతుంది, దాన్ని వదిలేద్దాం. నేల మీద రన్‌వే అయితే కిలోమీటర్ల పొడవు ఉంటుంది. నౌక మీద ఉరకడానికి దొరికేది 90 మీటర్లు. కాజీపేట ప్లాట్‌ఫాం మీద నిలబడితే నాలుగు రైలు పెట్టెల పొడవు.

ఆ వేగంతో కదిలే విమానంలో ఉండే శక్తి 49 మెగాజౌళ్లు. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 14 యూనిట్లకు కాస్త తక్కువ. 5 హెచ్‌పీ బోరు మోటార్ మూడున్నర గంటలు పైగా నడిస్తే చేసే పని. మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు ఎక్కడో తప్పాననుకొని మళ్లీ చేశాను. యుద్ధ విమానాన్ని గాల్లోకి విసరడానికి ఒక రైతు ఒక పూట నీళ్లు పెట్టుకునేంత శక్తి చాలా?

చాలు. కాకపోతే మూడున్నర గంటల పనిని రెండున్నర సెకన్లలో చేయాలి. తోపు చివరి క్షణంలో, విమానం అంచు దాకా వచ్చేసరికి, అవసరమయ్యే పవర్ 38 మెగావాట్లు. పది వేల 5 హెచ్‌పీ మోటార్లు కలిసి చేసేంత పని. కాజీపేట మీదుగా ఎక్స్‌ప్రెస్‌లను లాగే డబ్ల్యూఏపీ-7 ఇంజన్ ఒక్కోటి 6,350 హార్స్‌పవర్. అలాంటివి ఎనిమిది కట్టాలి. మా ఊరి ఆటో స్టార్టర్ల కథ గుర్తొచ్చిందా? నౌకలోని జనరేటర్ల మీద ఈ లోడు నేరుగా పడితే, విమానం లేచిన ప్రతిసారీ రాడార్లు, లైట్లు, వంటగది అన్నీ కళ్లు మూసి తెరుస్తాయి.

దీనికి విరుగుడు చిన్నప్పుడే మన చేతిలో ఉంది. గులేరు. రాయిని ఉత్త చేత్తో విసిరితే మామిడి కొమ్మ దాకా కూడా పోదు. రబ్బరును నిదానంగా గుంజి, ఒక్కసారి వదిలితే చింతచెట్టు దాటుతుంది. చెయ్యి అదే, బలమూ అదే. సెకనుపాటు పెట్టిన బలాన్ని రబ్బరు దాచుకొని, రెప్పపాటులో తిరిగి ఇచ్చేసింది. కాటపల్ట్ అనే ఇంగ్లిష్ మాట గులేరుకూ వాడతారు, నౌక మీది యంత్రానికీ వాడతారు. ఏదైనా అసలు ప్రశ్న ఒక్కటే. రబ్బరు ఏది?

డెబ్బై ఏళ్లుగా ఆ రబ్బరు ఆవిరి. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన కాలిన్ మిచెల్ దీన్ని తయారు చేశాడు. 1950లో పెర్సియస్ అనే నౌక మీద పరీక్షించారు, కొన్నేళ్లకే అమెరికా అందుకుంది. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరిని పెద్ద ట్యాంకుల్లో ఒత్తిడితో నిలవ చేస్తారు. ప్రెషర్ కుక్కర్ అనుకోండి, కాకపోతే ఇంటంత కుక్కర్. వాల్వు తెరవగానే డెక్ కింద సిలిండర్లలో పిస్టన్లు ఈడ్చుకుపోతాయి, వాటికి తగిలించిన విమానమూ పోతుంది. 1961లో మన నౌకాదళంలో చేరిన మొదటి విక్రాంత్ మీద ఉన్నది ఇదే. 1971 యుద్ధంలో దాని నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలి ఉన్నా, బంగాళాఖాతంలో నిలబడి సీ హాక్ విమానాలను చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీదికి పంపింది. ఆవిరికి దండం పెట్టాల్సిందే.

కానీ ఆవిరికి చెవులుండవు. వాల్వు తెరిచాక చెప్పినా వినదు. విమానం బరువు చూసి, ఇంత ఒత్తిడి అని ముందే నిర్ణయించాలి. తక్కువైతే విమానం సముద్రంలో, ఎక్కువైతే ముందు చక్రం కాడ మీద దెబ్బ. పైగా మొదట్లో గట్టిగా కొట్టి చివరికొచ్చేసరికి నీరసపడుతుంది. ఆ కుదుపులకు విమానం ఒళ్లు హూనమై త్వరగా ముసలిదవుతుంది. ఒక్క తోపుకు 600 కిలోల దాకా ఆవిరి ఖర్చు. అందులో విమానానికి చేరే శక్తి నూటికి ఐదు వంతులు. ఇవన్నీ భరించినా, తేలికపాటి డ్రోన్‌ను సున్నితంగా తోయమంటే ఆవిరి వల్ల కాదు.

కరెంటుతో తోయాలన్న ఆలోచన కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లోనే వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఎలక్ట్రోపల్ట్ అని ఒకటి తయారు చేసింది. పని చేసింది కూడా. ఖర్చు చూసి పక్కన పెట్టేశారు. మళ్లీ జనరల్ అటామిక్స్ కంపెనీ చేసిన యంత్రం 2010 డిసెంబర్‌లో న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో, నేల మీద, మొదటి యుద్ధ విమానాన్ని ఎగరేసింది. 1937లో హిండెన్‌బర్గ్ గాలి ఓడ కాలిపోయిన చోటు అదే. 2015లో అమెరికా విమాన వాహక నౌక జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ మీద బిగించాక, విమానాల బదులు చక్రాలున్న బరువైన ఉక్కు బండ్లను రేవులోంచి జేమ్స్ నదిలోకి విసిరి చూశారు. ఇంజనీర్లుగా పుట్టినందుకు ఒక్కసారైనా చూడాల్సిన ముచ్చట అది.

ఈ యంత్రంలో తోసే భాగం నిజానికి మన బోరు మోటారే. బోరు మోటార్‌లో కదలకుండా ఉండే గుండ్రటి బయటి భాగం, అంటే స్టేటర్, చుట్టల్లో కరెంటు తిరుగుతుంటే అయస్కాంత క్షేత్రం గిర్రున తిరుగుతుంది, దాని వెంట పడి లోపలి రోటర్ తిరుగుతుంది. ఆ స్టేటర్‌ను నిలువునా కోసి, చాప పరిచినట్టు 90 మీటర్ల పొడవున పరవండి. ఇప్పుడు అయస్కాంత క్షేత్రం తిరగదు, ఉరుకుతుంది. దాని వెంట ఉరికే లోహపు బండికి విమానం ముందు చక్రాన్ని తగిలిస్తారు. చాప మొత్తానికి ఒకేసారి కరెంటు ఇవ్వరు. బండి ఎక్కడుంటే అక్కడి చుట్టలకే ఇస్తారు, దాటిపోగానే తీసేస్తారు. బండి వేగాన్ని సెన్సర్లు క్షణక్షణం చూస్తూ, తగ్గితే పెంచుతూ, పెరిగితే తగ్గిస్తూ ఉంటాయి. ఆవిరికి లేని చెవులు దీనికున్నాయి. విమానం వెళ్లిపోయాక కరెంటు దిశ మార్చి బండిని అక్కడే ఆపేస్తారు.

మరి రబ్బరు? బ్యాటరీ పెట్టొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పాకాల చెరువులో బోలెడు నీళ్లున్నా తూములోంచి పారేది పారేంతే. బ్యాటరీ అలాంటిది. చాలా నిలవ చేస్తుంది, ఇవ్వడం దగ్గర నిదానం. గుంజి తీస్తే వేడెక్కుతుంది. కెపాసిటర్ చిన్న కుంటకు గండి కొట్టినట్టు. క్షణంలో ఖాళీ చేస్తుంది, కానీ 49 మెగాజౌళ్లు పట్టాలంటే అలాంటి కుంటలు నౌకంతా తవ్వాలి. రెండున్నర సెకన్లు అనేది ఈ రెంటికీ మధ్య పడిన కాలం.

దానికి సరిపోయింది కుమ్మరి సారె. సారె తిప్పడం చూసినవాళ్లకు తెలుసు. కట్టె పెట్టి పదిసార్లు గిరగిరా తిప్పుతాడు, కట్టె పక్కన పెడతాడు, ఆ తిరుగుడు మీదే కుండ లేస్తుంది. చెయ్యి పెట్టిన బలం చక్రం బరువులో దాగి ఉంది. ఇంజనీర్లు దీన్ని ఫ్లైవీల్ అంటారు. ఫోర్డ్ నౌకలో ఇలాంటి బరువైన రోటర్లు జనరేటర్లతో కలిసే ఉంటాయి. నౌక కరెంటు తీసుకొని మోటార్లలా తిరుగుతూ వేగం పుంజుకుంటాయి. తోపు వేళ అవే జనరేటర్లయి దాచుకున్నదాంట్లోంచి కావాల్సినంత కక్కుతాయి. 1990ల డిజైన్ లెక్కల ప్రకారం ఒక్కో రోటర్ నిమిషానికి 6,400 చుట్లు తిరుగుతూ 121 మెగాజౌళ్లు దాస్తుంది. తోపు అయ్యాక మళ్లీ పుంజుకోవడానికి 45 సెకన్లు. వాటి తిరుగుడు నౌకను మెలిపెట్టకుండా రోటర్లను జంటలుగా, ఒకదానికొకటి ఎదురు తిరిగేలా అమర్చడం ఆ డిజైన్‌లోనే ఉంది.

ఆ 45 సెకన్లతో మన 49 మెగాజౌళ్లను భాగించండి. నష్టాలు పక్కన పెడితే 1.1 మెగావాట్లు. 38 మెగావాట్ల మొరటు గుంజుడు నౌకలోని జనరేటర్ల దగ్గరికి వచ్చేసరికి ఒక మెగావాటు పైచిలుకు మెత్తటి లోడయింది. మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఇలాంటి సారె ఒకటి తిరుగుతూ ఉంటే ఎన్ని చందాలు మిగిలేవో. విద్యుదయస్కాంత కాటపల్ట్‌కు అణు నౌకే కావాలన్న మాట చాలాకాలం వినిపించింది. 2025 నవంబర్‌లో నౌకాదళంలో చేరిన చైనా నౌక ఫుజియాన్ అణుశక్తిది కాదు. అయినా దాని మీద విద్యుదయస్కాంత కాటపల్ట్‌లు మూడున్నాయి. లెక్క తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు. కావాల్సింది పెద్ద పొయ్యి కాదు, మంచి సారె.

ఇంత బాగుంటే ఫోర్డ్ కాటపల్ట్‌ల మీద గొడవెందుకు అంటారా? గొడవ కూడా సారె దగ్గరే ఉంది. ఫోర్డ్ మీది నాలుగు కాటపల్ట్‌లూ విద్యుత్ వ్యవస్థను పంచుకుంటాయి. ఒకటి చెడితే, మిగతావి విమానాలను ఎగరేస్తుండగా దాన్ని మాత్రం కరెంటు నుంచి విడదీసి రిపేరు చేయడం కుదరదని అమెరికా రక్షణ శాఖ పరీక్షా విభాగమే నివేదికల్లో రాసింది. ముందు ఆ రోటర్లన్నీ ఆగాలి. అవి ఆగడానికే గంటన్నర. శక్తిని పట్టుకొని వదలకపోవడం సారె గుణం కదా, ఆగమన్నప్పుడూ అదే గుణం చూపిస్తుంది. ఒక పెద్ద లోపానికీ మరో దానికీ మధ్య సగటున 4,166 తోపులు జరగాలన్నది లక్ష్యం. 2020 నివేదికలో 3,975 తోపుల లెక్క తీస్తే సగటు 181 వచ్చింది. తర్వాతి ఏళ్లలో మెరుగుపడిందిగానీ లక్ష్యం దూరంలోనే ఉంది. నాకైతే ఇది అయస్కాంతాల తప్పులా కనపడదు. నలుగురు రైతులకు ఒకే స్టార్టర్ డబ్బా పెట్టినవాళ్ల తప్పు.

మన సంగతికొస్తే, మన విమాన వాహక నౌకలు విక్రమాదిత్యకూ 2022లో వచ్చిన కొత్త విక్రాంత్‌కూ కాటపల్ట్ లేదు. ముందుభాగం 14 డిగ్రీలు పైకి వంచిన స్కీ-జంప్ ఉంది. విమానం సొంత ఇంజన్ బలంతోనే ఉరికి ఎగరాలి. ఖర్చు తక్కువ, చెడిపోయే భాగమే లేదు. కాకపోతే పూర్తి ఇంధనం, పూర్తి ఆయుధాలు వేసుకొని లేవడం కష్టం. వీపు మీద పెద్ద రాడార్ పళ్లెం మోస్తూ గంటల తరబడి కాపలా కాసే బరువైన ప్రొపెల్లర్ విమానాలు అసలే లేవలేవు. అందుకే మన నౌకల మీద ఆ పని కామోవ్-31 హెలికాప్టర్లు చేస్తున్నాయి. 2025లో 26 కొనడానికి ఒప్పందం చేసుకున్న రఫేల్-ఎం అసలు కాటపల్ట్ కోసం పుట్టిన విమానం. మన స్కీ-జంప్ మీంచి లేవగలదని 2022లో గోవాలో చూపించారు. తర్వాతి నౌకకు విద్యుదయస్కాంత కాటపల్ట్ పెట్టాలన్న చర్చ మన దగ్గర చాలా ఏళ్లుగా నడుస్తోంది. మోటార్లు చుట్టడం మనకు రానిదేం కాదు. కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్‌లో భూగర్భంలో ఒక్కోటి 139 మెగావాట్ల పంపులు బిగించుకున్న ప్రాంతం మనది. కానీ అవి నిదానంగా లేచి గంటలకొద్దీ నడిచే ఏనుగులు. రెండున్నర సెకన్ల పులి వేరు జాతి.

విమానం తిరిగొచ్చి దిగడం దీనికి రెండో సగం. తోక కింది కొక్కెంతో డెక్ మీద అడ్డంగా కట్టిన తీగను పట్టుకొని, ఆ వేగమంతా రెండు మూడు సెకన్లలో వదిలేయాలి. దిగేటప్పుడు బరువూ వేగమూ తక్కువే కాబట్టి, లెక్కేస్తే ఏడెనిమిది యూనిట్లు. ఫోర్డ్ మీద తీగ చివర నీళ్లలో తిరిగే చక్రాలు ఉంటాయి, పక్కన సన్నటి సర్దుబాటుకు ఒక ఇండక్షన్ మోటారూ ఉంటుంది. ఆ యూనిట్లలో ఎక్కువ భాగం నీళ్లను వేడి చేయడానికే పోతుంది. కాజీపేట నుంచి గూడ్సు లాక్కెళ్లే డబ్ల్యూఏజీ-9 ఇంజన్ బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటును మళ్లీ పైతీగలోకి పంపుతుంది. నౌక మీద ఆ ఏడెనిమిది యూనిట్లు ఇంకా వేణ్నీళ్లుగానే పోతున్నాయి.