తంబురా గాంధారం, హార్మోనియం గాంధారం

మంచి తంబురాను శ్రుతి చేసి మీటుతూ, మంద్ర షడ్జమం (కింది స) తీగ మీద మనసు నిలిపి వినండి. మీటుతున్నవి స, ప మాత్రమే. అయినా కాసేపటికి ఎవరూ వాయించని అంతర గాంధారం (గ స్వరంలో పై రకం) పైన తేలుతుంది. తీగ నిండు పొడవునా కంపిస్తూనే సగంగా, మూడో వంతుగా, నాలుగో వంతుగా, ఐదో వంతుగా కూడా కంపిస్తుంది. ఆ ఐదో వంతు పలుకే ఈ గాంధారం. షడ్జమం ఉన్న స్థాయిలోకి (ఒక స నుంచి పై స వరకు ఒక స్థాయి) దించితే, షడ్జమంతో దాని కంపనాల నిష్పత్తి 5/4, అంటే 80/64.

ఇదే గాంధారానికి ఇంకో దారి ఉంది. పంచమం (ప) నిష్పత్తి 3/2. స నుంచి ప, అక్కడి నుంచి చతుశ్రుతి రిషభం, దాని నుంచి చతుశ్రుతి ధైవతం, ఆపైన గాంధారం. నాలుగు పంచమాల అంగలు వేసి రెండు స్థాయిలు దిగితే వచ్చేది 81/64. ప్రతి అంగా శుద్ధమే, లెక్కలో తప్పు లేదు. అయినా 81, 80 కలవవు! నాకు సంగీతంలో ఇంతకంటే ఆశ్చర్యమైన విషయం ఇంకోటి కనిపించలేదు.

ఈ తేడాకు పాశ్చాత్యులు పెట్టిన పేరు సింటానిక్ కామా. స్థాయిని 1200 సెంట్లుగా కొలిస్తే ఇది సుమారు 21.5 సెంట్లు. పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం 100.

పాడేవారికి ఇబ్బంది లేదు, గొంతు అవసరమైనంత జరుగుతుంది. మెట్లు బిగించిన వాద్యం జరగలేదు కదా. అందుకే 16వ శతాబ్దంలో యూరప్‌లో మీన్‌టోన్ పద్ధతి వాడారు. ఒక్కో పంచమాన్నీ కామాలో పావు వంతు తగ్గించారు. గాంధారాలు శుద్ధంగా పలికాయి. కానీ పన్నెండు పంచమాల అంగలతో మెట్లన్నీ చుట్టి మళ్లీ స దగ్గరికి చేరాలి; అలా పదకొండు పంచమాలు తగ్గేసరికి పన్నెండోది దాదాపు 36 సెంట్లు ఎక్కువైంది. ఊళ పెట్టినట్టు మోగే ఆ పంచమాన్ని ‘తోడేలు’ అన్నారు.

నేటి పియానో, హార్మోనియాలలో స్థాయిని 12 సమాన భాగాలు చేస్తారు. తోడేలు పోయింది. పంచమం 2 సెంట్లే తగ్గింది, చెవికి పెద్దగా తెలియదు. గాంధారం మాత్రం దాదాపు 14 సెంట్లు పెరిగింది. భారాన్నంతా అదే మోస్తోంది.

1870లలో రాబర్ట్ బోసన్‌కెట్ అనే ఇంగ్లిష్ పరిశోధకుడు స్థాయిని 53 భాగాలు చేసి హార్మోనియం కట్టించాడు. అందులో గాంధారం తేడా ఒకటిన్నర సెంటు లోపే.

మన పద్యనాటకానికి ఊపిరి పోసిన హార్మోనియాన్ని నేను తక్కువ చేయను. కానీ దాని మీద స, అంతర గాంధారం కలిపి నొక్కి పట్టండి. షడ్జమం 440 హెర్ట్జ్ అయితే శుద్ధ గాంధారం 550 ఉండాలి, సమ విభజనలో 554.4 అవుతుంది. షడ్జమపు ఐదో హార్మోనిక్ (ఐదో వంతు పలుకు) 2200 దగ్గర, గాంధారపు నాలుగోది 2217 దగ్గర పడి, సెకనుకు 17 సార్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఆ సన్నని అదురు తంబురాలో ఉండదు.