పాలిటెక్నిక్ ర్యాంకు వెనక పదో తరగతి మెమో

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో పిల్లలు, తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "పాలిటెక్నిక్ సీటు కోసం పాలిసెట్ రాశాం కదా, ఇక పదో తరగతి మార్కులతో పనేముంది? పాసైతే చాలదా?" చాలామంది టీచర్లు కూడా చాలనే చెబుతారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే పదిహేనేళ్లుగా రెండు తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి మెమో ఎలా మారుతూ వచ్చిందో చూడాలి. మెమో మారిన ప్రతిసారీ అడ్మిషన్ల జాబితాలో కొందరి పేర్లు పైకి వెళ్లాయి, కొందరివి కిందికి జారాయి. ఆ పిల్లల తెలివితేటలు మాత్రం అంతకు ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

మన పొరుగు రాష్ట్రాలు కొన్నింటిలో పాలిటెక్నిక్ సీటుకు వేరే పరీక్ష ఉండదు. తమిళనాడులో, మహారాష్ట్రలో పదో తరగతి మార్కులే ఆధారం. కర్ణాటకలో మ్యాథ్స్, సైన్స్ మార్కులు చూస్తారు. మన దగ్గర దారి వేరు. ఉమ్మడి రాష్ట్రంలో సాంకేతిక విద్యా శిక్షణ మండలి ప్రవేశ పరీక్ష పెట్టేది. అప్పట్లో దాన్ని సీప్ అనేవారు, తర్వాత అది పాలిసెట్ అయింది. రాష్ట్రం విడిపోయాక రెండు మండళ్లూ ఎవరి పాలిసెట్ వాళ్లు నడుపుతున్నాయి. సిలబస్ పదో తరగతిదే. ర్యాంకు లెక్క 120 మార్కులకు, తప్పు జవాబుకు మార్కు కోత లేదు. తెలంగాణలో ఇంజినీరింగ్ డిప్లొమా ర్యాంకుకు మ్యాథ్స్ 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. తెలంగాణలో అర్హత మార్కు 120కి 36. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ కనీస మార్కు నిబంధన లేదు.

ఈ లెక్క ప్రకారం పదో తరగతి మార్కులకు చోటే లేదనిపిస్తుంది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఏటా లక్ష మందికి పైగా రాస్తున్న పరీక్ష ఇది. ఉన్నవి 120 మార్కులే కాబట్టి ఒకే మార్కు దగ్గర వందల మంది, మధ్య మార్కుల దగ్గర వేల మంది కలుస్తారు. ర్యాంకు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కటే ఇవ్వాలి. ముందు మ్యాథ్స్ మార్కులు, తర్వాత ఫిజిక్స్ మార్కులు చూస్తారు. అవీ సమానమైతే పదో తరగతి మార్కులు, పుట్టిన తేదీ లాంటి వాటి దాకా పోవాల్సి వస్తుంది. కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) లాంటి బ్రాంచిల్లో, పేరున్న ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చివరి సీటు ఎవరికి అనేది ఈ చిన్న తేడాల దగ్గరే తేలుతుంది. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది ఫీజు ఐదు వేల లోపే. ఆ సీటు చేజారితే అదే కోర్సుకు ప్రైవేటు కాలేజీలో దానికి ఎన్నో రెట్లు కట్టాలి. కూలి పనులకు వెళ్లే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు.

ఇక కౌన్సెలింగ్ అయ్యాక మిగిలే సీట్లు. స్పాట్ అడ్మిషన్ల దశకు వచ్చేసరికి పాలిసెట్‌లో అర్హత రానివాళ్లకు, అసలు రాయనివాళ్లకు కూడా అవకాశం ఇస్తున్నారు. అక్కడ చూపించడానికి ర్యాంకు ఉండదు, పదో తరగతి మెమోయే ఉంటుంది. అంటే ముందు తలుపు దగ్గర అక్కర్లేదన్న మెమోను వెనక తలుపు దగ్గర అడుగుతున్నారు.

అసలు కథ ఆ మెమో లోపల ఉంది.

2011 దాకా ఉమ్మడి రాష్ట్రంలో పదో తరగతి అంటే 600కి ఎన్ని అనే లెక్క. 540 వస్తే ఊరంతా చెప్పుకునేవారు. 2011-12 విద్యా సంవత్సరం నుంచి గ్రేడ్లు వచ్చాయి. మార్కుల పోటీ పిల్లల్ని నలిపేస్తోందని, ఫలితాల రోజుల్లో జరగకూడనివి జరుగుతున్నాయని, టీవీల్లో కార్పొరేట్ స్కూళ్ల ర్యాంకుల ప్రకటనల హోరు ఆపాలని చేసిన మార్పు ఇది. ఆ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. 91 నుంచి 100 దాకా వస్తే ఏ1, అంటే 10 పాయింట్లు. 81 నుంచి 90 దాకా ఏ2, 9 పాయింట్లు. అలా కిందికి వస్తుంది. సెకండ్ లాంగ్వేజ్‌కు హద్దులు కొంచెం వేరు. ఆరు సబ్జెక్టుల పాయింట్ల సగటే జీపీఏ.

ఇది కాగితం మీద చేసి చూస్తే చిక్కు అర్థమవుతుంది. ఒక అమ్మాయికి ఆరు సబ్జెక్టుల్లోనూ సరిగ్గా 91 చొప్పున వచ్చాయనుకుందాం. మొత్తం 546. అన్నీ ఏ1, జీపీఏ 10. ఇంకో అబ్బాయికి ఐదు సబ్జెక్టుల్లో 99 చొప్పున, సోషల్‌లో 90 వచ్చాయి. మొత్తం 585. ఐదు ఏ1లు, ఒక ఏ2, జీపీఏ 9.8. అమ్మాయి కంటే 39 మార్కులు ఎక్కువ తెచ్చుకున్న అబ్బాయి మెరిట్ జాబితాలో ఆమె కంటే కింద ఉంటాడు. ఆ రోజుల మెమో మీద మార్కులు ఉండేవి కావు కాబట్టి తాను ఎందుకు వెనకబడ్డాడో అతనికి ఎప్పటికీ తెలియదు.

పాస్, ఫెయిల్ చెప్పడానికి, పిల్లవాడి స్థాయి సుమారుగా తెలుసుకోవడానికి గ్రేడ్లు సరిపోతాయి. వేల మందిని వరసలో నిలబెట్టడానికి సరిపోవు. ఆ సంగతి పాలిటెక్నిక్‌ల కంటే ముందు ట్రిపుల్ ఐటీల్లో బయటపడింది.

2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ఆర్జీయూకేటీ అనే విశ్వవిద్యాలయం క్యాంపస్‌లనే ట్రిపుల్ ఐటీలంటారు. అక్కడిది పాలిటెక్నిక్ కాదు, ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్. కానీ చేరేది పదో తరగతి అవగానే. పాలిసెట్ రాసే పల్లెటూరి పిల్లలే దీనికీ దరఖాస్తు చేస్తారు. ప్రవేశ పరీక్ష లేదు, మొదటినుంచీ పదో తరగతి మెరిటే. కోచింగ్ సెంటర్ మొహం చూడని పిల్లలకు అవకాశం దక్కాలనే అలా పెట్టారు. జిల్లా పరిషత్, మున్సిపల్ లాంటి నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల్లో చదివినవారికి, గ్రేడ్లు ఉన్న రోజుల్లో, జీపీఏకు 0.4 కలిపేవారు. దీన్ని డిప్రివేషన్ స్కోర్ అంటారు. జడ్పీ హైస్కూల్లో 9.6 తెచ్చుకున్నవాళ్లు ప్రైవేటు స్కూల్లో 10 వచ్చినవాళ్లతో సమానం అయ్యేవారు, 9.7 వస్తే వాళ్లను దాటేవారు. దీని మీద ప్రైవేటు స్కూళ్ల తల్లిదండ్రులు ఏటా బాధపడతారు. లెక్కల టీచర్ లేకుండా సగం సంవత్సరం గడిపిన బడిలో, ఇంటికెళ్లాక చదువు చెప్పేవాళ్లు లేని చోట తెచ్చుకున్న 9.7ను ట్యూషన్లతో వచ్చిన 10 కంటే తక్కువని నేను అనలేను. ఆ 0.4 న్యాయమైనదే.

చిక్కు అక్కడ కాదు, పైభాగంలో పేరుకుపోయిన గుంపు దగ్గర. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో 33 వేల మందికి పైగా విద్యార్థులకు 10 జీపీఏ వచ్చింది. అప్పటికి శ్రీకాకుళం, ఒంగోలు కూడా కలిపి నాలుగు క్యాంపస్‌లలో ఉన్న సీట్లు నాలుగు వేల పైచిలుకు. సమానంగా ఉన్నవాళ్లను విడదీయడానికి ఒక వరస పెట్టారు. మ్యాథ్స్‌లో గ్రేడ్, తర్వాత సైన్స్, ఇంగ్లిష్, సోషల్, ఫస్ట్ లాంగ్వేజ్. అందరికీ అన్నీ ఏ1లే అయితే ఇవేవీ పనిచేయవు. అప్పుడు వయసు చూస్తారు, ముందు పుట్టినవారికి సీటు. పుట్టిన తేదీ కూడా ఒకటే అయితే పదో తరగతి హాల్ టికెట్ నంబరు నుంచి తీసే ఒక రాండమ్ నంబరు, అది తక్కువ వచ్చినవారికి ప్రాధాన్యం. పదేళ్లు చదివిన చదువు పక్కన పడి, బడిలో వేసిన పుట్టిన తేదీ, హాల్ టికెట్ నంబరు భవిష్యత్తును తేల్చే స్థితి ఇది. ఇందులో అధికారుల దురుద్దేశం ఏమీ లేదు. గ్రేడ్లు పెట్టినవాళ్లు ఒక శాఖ, ఆ గ్రేడ్లతో సీట్లు పంచేవాళ్లు ఇంకో శాఖ. ఒకరి నిర్ణయం రెండోవారి జాబితాను ఏం చేస్తుందో ముందే కూర్చుని మాట్లాడుకున్న దాఖలా కనిపించదు.

ఇదే కాలంలో ఇంకో మార్పు జరిగింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో పబ్లిక్ పరీక్ష 80 మార్కులకు తగ్గి, 20 మార్కులు స్కూలు చేతికి వెళ్లాయి. ప్రాజెక్టులు, నోటుపుస్తకాలు, చిన్న పరీక్షలు కలిపి వేసే ఇంటర్నల్ మార్కులు ఇవి. చాలా ప్రైవేటు స్కూళ్లు అడక్కుండానే ఇరవైకి ఇరవై వేస్తున్నాయన్నది అందరికీ తెలిసిన ఫిర్యాదు. ప్రభుత్వ బడిలో నిజాయితీగా 16 వేసిన టీచర్ వల్ల ఆ పిల్లవాడే నష్టపోతాడు. 80కి 74 రాసిన ఇద్దరిలో ఒకరికి 94, ఇంకొకరికి 90. ఒకరిది ఏ1, మరొకరిది ఏ2. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఈ ఇంటర్నల్ మార్కులను ఎత్తేసింది.

మరుసటి ఏడాదే కరోనా వచ్చింది. తెలంగాణలో 2020 మార్చిలో మొదలైన పరీక్షలు మధ్యలో ఆగి, జూన్‌లో రద్దయ్యాయి. 20 ఇంటర్నల్ మార్కులనే నూటికి లెక్కగట్టి గ్రేడ్లు ఇచ్చారు. 2021లోనూ పరీక్ష లేదు. ఆ ఏడాది తెలంగాణలో రెండు లక్షల మందికి పైగా 10 జీపీఏ వచ్చింది. మామూలు ఏడాదుల్లో ఆ సంఖ్య పది వేల అటూ ఇటూ. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అందరికీ పాస్ అని మాత్రమే రాసి ఇచ్చారు. మార్కులు లేకపోతే ఉద్యోగాలకు, తర్వాతి చదువులకు ఇబ్బంది అని తేలాక విశ్రాంత ఐఏఎస్ అధికారి ఛాయారతన్ కమిటీని వేసి, 2021 ఆగస్టులో పాత అంతర్గత పరీక్షల ఆధారంగా రెండు బ్యాచ్‌లకూ ఫలితాలు ఇచ్చారు.

ఆ రెండేళ్లూ ఒక సంగతి బయటపెట్టాయి. పాలిటెక్నిక్‌లకు తమ సొంత పరీక్ష ఉండబట్టి పెద్దగా ఇబ్బంది రాలేదు. ఆలస్యంగానైనా 2020 సెప్టెంబరులో రెండు రాష్ట్రాలూ పాలిసెట్ పెట్టాయి. మెమో మీదే ఆధారపడ్డ ట్రిపుల్ ఐటీలకు దారి మూసుకుపోయింది. ఆంధ్రప్రదేశ్ 2020 డిసెంబరు 5న, మళ్లీ 2021 సెప్టెంబరులో ఆర్జీయూకేటీ సెట్ అనే ప్రవేశ పరీక్ష పెట్టింది. తెలంగాణలో 2021లో బాసర సీట్లను పాలిసెట్ ర్యాంకుల మీదే నింపారు. పదో తరగతి మార్కుల మీద నడిచే సంస్థ పాలిటెక్నిక్ పరీక్ష మార్కులను అరువు తెచ్చుకున్న ఏడాది అది. పరీక్షలు మామూలుగా జరిగాక 2022లో రెండూ తిరిగి పాత మెరిట్ పద్ధతికే వచ్చాయి.

అలా తిరిగి రావడం సరైనదేనా అంటే నా మటుకు నాకు అవుననే అనిపిస్తుంది. సెట్ పెడితే నాలుగు వారాల కోచింగ్ కొనుక్కోగలిగినవాళ్లకు మేలు. పాలిసెట్‌లోనూ అది కనిపిస్తుంది. పదో తరగతి పరీక్షలు అయిన వెంటనే టౌన్లలో పాలిసెట్ బ్యాచ్‌ల బోర్డులు లేస్తాయి. అదే సమయంలో పల్లెల్లో ఎంతమంది పిల్లలు తల్లిదండ్రులతో మిరప కోతకో, ఉపాధి పనికో వెళ్తుంటారు. కొన్ని ప్రభుత్వ పాలిటెక్నిక్‌ల లెక్చరర్లు ఉచితంగా క్లాసులు చెబుతారు, అది మంచి పనే కానీ అందరికీ అందదు. మెరిట్ పద్ధతే పేదలకు దగ్గర. కాకపోతే మెరిట్ చెప్పే మెమో నమ్మదగ్గదిగా ఉండాలి.

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో ముందు తేరుకుంది. గ్రేడ్లు పోయి మార్కులు తిరిగొచ్చాయి. 2022 ఫలితాల్లో పాస్ శాతం 67.26కు పడిపోయి అలజడి రేగింది. మెరిట్ జాబితా మట్టుకు మళ్లీ 600కి ఎన్ని అనే లెక్క మీద నిలబడింది. డిప్రివేషన్ స్కోర్ కూడా 0.4 నుంచి 4 శాతం అయింది, అంటే 600కి 24 మార్కులు. ఒక్కో మార్కూ కనిపిస్తోంది కాబట్టి పుట్టిన తేదీల దాకా వెళ్లాల్సిన అవసరం బాగా తగ్గింది.

తెలంగాణలో ఇంకా సగం దారిలో ఉన్నారు. 2024 నవంబరు చివర్లో ప్రభుత్వం గ్రేడింగ్ తీసేస్తున్నామని, ఇంటర్నల్ మార్కులు రద్దు చేసి వందకు వంద పబ్లిక్ పరీక్షే పెడతామని చెప్పింది. విద్యా సంవత్సరం సగం దాటాక వచ్చిన ఆ ఉత్తర్వుతో పిల్లల్లో, టీచర్లలో టెన్షన్ మొదలైంది. వెంటనే ఇంటర్నల్ రద్దును మరుసటి ఏడాదికి వాయిదా వేశారు. ఆ మరుసటి ఏడాది వచ్చాక 80-20 పద్ధతే కొనసాగుతుందన్నారు. 2025 ఫలితాల్లో జీపీఏ పోయి మార్కులు వచ్చాయి, బాసర ఎంపిక కూడా మార్కుల మీదకు మారింది. 20 ఇంటర్నల్ మార్కులు మాత్రం అలాగే ఉన్నాయి.

గ్రేడ్లు ఉన్నంత కాలం ఆ ఇరవై మార్కుల్లో జరిగే ఎక్కువ తక్కువలు చాలావరకు గ్రేడు హద్దుల మధ్య కలిసిపోయేవి. ఇప్పుడు ప్రతి మార్కూ లెక్కలోకి వస్తుంది కాబట్టి ఒక్కో సబ్జెక్టులో రెండు, మూడు మార్కుల ఉదారత ఆరు సబ్జెక్టుల్లో కలిపి పన్నెండు, పద్దెనిమిది అవుతుంది. ప్రభుత్వ బడి పిల్లలకు ఇచ్చే 4 శాతం మేలులో సగానికి పైగా దానితోనే హరించుకుపోగలదు. ఇంటర్నల్స్ ఉంచాలనుకుంటే వాటిని పాస్ వరకు లెక్కలోకి తీసుకుని, ట్రిపుల్ ఐటీ మెరిట్‌కు, పాలిసెట్‌లో సమాన మార్కులు వచ్చినవారిని విడదీయడానికి పబ్లిక్ పరీక్షలో 80కి వచ్చిన మార్కులే చూడొచ్చు. ఇందుకు కొత్త పరీక్షేమీ అక్కర్లేదు, ఆ మార్కులు బోర్డు దగ్గర విడిగానే ఉంటాయి. ఏది చేసినా పిల్లలు తొమ్మిదో తరగతి పూర్తి చేసేలోపు చెప్పాలి. 2024లో లాగా నవంబరులో కాదు.