ఫోనుకు మీ ఇల్లెట్లా తెలుసు?

తిరుపతి

పిల్లకాయలకు తాత ఆశీస్సులు.

ఫోను మన మాటలు వింటుందా అని అడిగారు. వినే పని లేకుండానే కంపెనీలకు బోలెడంత తెలుస్తుంది. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు దాకా ఫోను కదలకుండా ఎక్కడుందో అదే మీ ఇల్లు. పగలు ఏడెనిమిది గంటలున్న చోటు బడి. తెల్లారుజామున అలిపిరిలో కనబడి మూడు నాలుగు గంటల తర్వాత తిరుమలలో తేలితే మెట్లెక్కినట్టు, గంటకే తేలితే బస్సెక్కినట్టు. రోజూ రాత్రి ఒకే వైఫైకి తగులుకునే నాలుగు ఫోన్లూ ఒకింటివి.

జీపీఎస్ ఆపేశాం కదా అనొద్దు. చుట్టుపక్కల వైఫైల పేర్లు, సెల్ టవర్లు చాలు. పైగా గూగుల్‌లో మీటలు రెండు. లొకేషన్ హిస్టరీ (ఇప్పుడు దాని పేరు టైమ్‌లైన్) ఆపినా, వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ నడుస్తుంటే చోటు నమోదవుతూనే ఉందని 2018లో బయటపడింది. దాని మీద 2022లో అమెరికాలోని 40 రాష్ట్రాలతో రాజీపడి 39.15 కోట్ల డాలర్లు కట్టడానికి గూగుల్ ఒప్పుకుంది.

కాబట్టి రెండూ చూడండి. గూగుల్ ఖాతాలో డేటా అండ్ ప్రైవసీకి వెళ్లి, ఆ రెండో మీటలో ఆటో డిలీట్ నొక్కితే 3, 18, 36 నెలలని అడుగుతుంది. 3 పెట్టండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాడ్స్ కింద అడ్వర్టైజింగ్ ఐడీ ఉంటుంది, యాప్‌లన్నీ మిమ్మల్ని గుర్తుపట్టే నంబరు అదే. తీసేస్తే దాని బదులు అన్నీ సున్నాలే వెళ్తాయి. ప్రకటనలు మాత్రం ఆగవు, మీకని ఏరినవి తగ్గుతాయంతే.

ఫోన్లోంచి యాప్ తీసేస్తే ఖాతా పోదు, ముందు లోపలికెళ్లి ఖాతానే డిలీట్ చేయాలి. ఇక్కడే అందరూ బోల్తా పడేది. చేసినా వెంటనే చెరిగిపోదు: మామూలుగా రెండు నెలలు, బ్యాకప్‌లలో ఆరు నెలల దాకా పట్టొచ్చని గూగులే చెబుతుంది.

పుట్టిన సంవత్సరం మాత్రం అబద్ధం రాయొద్దు. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల డేటాకు అమ్మానాన్నల అనుమతి కావాలి, వాళ్ల వెంటపడి ప్రకటనలు చూపకూడదు. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైనవి 18 నెలలకు గానీ అమల్లోకి రావు. పెద్దవాళ్లమని రాసుకుంటే ఆ కాపు మీకుండదు.

టార్చిలైటు యాప్‌కు లొకేషనెందుకు? మీ అవ్వ ఫోన్లో అట్లాంటిదొకటుంది. పండక్కొచ్చినప్పుడు తీసేసి, ఫోన్లోనే టార్చి ఉందని ఆమెకు చూపించండి.

మీ తాత