చెంబుతో నాలుగు పుష్కరాలు

కృష్ణలంక, విజయవాడ

ప్రియమైన పిల్లలకు,

సెలవులు ముగిశాక మీలో కొందరు కొత్త బడికి వెళతారు. కొందరు మొదటిసారి వేదిక ఎక్కి మాట్లాడాలి. పక్క వాటాలో ఉండే పాప కూచిపూడి తరగతి గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చేసింది. ఆ పాపకు ఈ సంగతి చెబుదామని మొదలుపెట్టి, మీ అందరికీ రాస్తున్నాను.

మా నది మీది ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. నేను ఆ మరుసటి ఏడాది పుట్టాను. నది పక్కనే పెరిగినా, నాకు నీళ్లంటే ప్రాణం మీదికి వచ్చినట్టు ఉండేది. దానికి కారణం ఉంది. కృష్ణా పుష్కరాలు 12 ఏళ్లకు ఒకసారి వస్తాయని మీకు తెలుసు. 1968 పుష్కరాల్లో నాకు పదేళ్లు. ఇంద్రకీలాద్రి కింద స్నానఘట్టంలో నాచు పట్టిన మెట్టు మీద కాలు జారింది. జనం మధ్య మునిగిపోయాను. ఎవరో జడ పట్టుకుని పైకి లాగారు. నీళ్లలో ఉన్నది నాలుగైదు క్షణాలే అయి ఉంటుంది. కానీ ముక్కులోకి దూసుకుపోయిన ఆ నీటి మంట ఇవాళ్టికీ గుర్తుంది.

ఆ తర్వాత 1980, 1992, 2004, 2016. నాలుగు పుష్కరాలు వచ్చి వెళ్లాయి. నాలుగుసార్లూ నేను పై మెట్టు మీదే నిలబడి ఇత్తడి చెంబుతో తల మీద నీళ్లు పోసుకుని వచ్చేశాను. అందరూ మూడు మునకలు వేస్తుంటే నేను చీర కుచ్చెళ్లు పట్టుకుని చూస్తూ ఉండేదాన్ని. వెనక్కి తిరిగి మెట్లు ఎక్కేటప్పుడు గుండె తేలికపడేది. ‘హమ్మయ్య, దిగలేదు’ అనిపించేది. పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగి చదవండి. తప్పించుకున్న ప్రతిసారీ హాయిగా ఉంటుంది. ఆ హాయే భయానికి మేత. దిగితే ఏమవుతుందో చూసే అవకాశం మనసుకు ఇవ్వలేదు కాబట్టి, దిగకపోవడం వల్లనే బతికానని అది లెక్క వేసుకుంటుంది. 1968లో గుప్పెడంత ఉన్న భయం 2016 నాటికి ఇల్లంత అయింది.

2019 వేసవిలో మా మనవరాలిని ఈత తరగతిలో చేర్చాము. దానికి ఎనిమిదేళ్లు. కొలను గట్టు మీద ఏడుస్తూ నిలబడితే, ‘భయపడకు తల్లీ, ఏమీ కాదు’ అన్నాను. అది కళ్లు తుడుచుకుని, ‘పుష్కరాల్లో నువ్వు చెంబుతోనే పోసుకున్నావు కదా అమ్మమ్మా!’ అంది. అప్పటికి దానికి ఐదేళ్లే. అయినా చూసింది, గుర్తుపెట్టుకుంది. నాకు మాట రాలేదు. ‘భయపడకు’ అనే మాట పిల్లలతో అనకూడదని నాకు ఆ రోజు తెలిసింది. భయం మనం పిలిస్తే వచ్చేది కాదు, పొమ్మంటే పోయేదీ కాదు. లోపల దడదడలాడుతున్న బిడ్డకు ఆ మాట వింటే, భయపడటం కూడా ఒక తప్పే అనిపిస్తుంది.

మర్నాటి నుంచి ఉదయం ఆడవాళ్ల తరగతిలో నేనూ చేరాను. నేర్పే అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. ‘అమ్మమ్మగారూ, ఈ రోజు ఈత లేదు. గట్టు మీద కూర్చుని పాదాలు తడుపుకోండి, చాలు’ అంది. అంతే చేశాను. అయినా గుండె కొట్టుకుంది, నోరు ఎండిపోయింది, కడుపులో దేవినట్టయింది. ఇవి పిరికితనం గుర్తులని అనుకునేదాన్ని. కావు. మూత్రపిండాల మీద టోపీలా కూర్చునే చిన్న గ్రంథులు రెండు ఉంటాయి. మనసు ‘జాగ్రత్త’ అనగానే అవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కాళ్లూ చేతులకు రక్తం ఎక్కువగా చేరుతుంది, జీర్ణాశయం పని తగ్గుతుంది. అందుకే కడుపులో ఆ తిప్పుడు. తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కేటప్పుడూ గుండె ఇలాగే కొట్టుకుంటుంది కదా. శరీరం పరుగుకు సిద్ధమవుతోంది, అంతే.

మూడో రోజు మోకాళ్ల లోతు. ఆరో రోజు నడుము లోతు. ఆ తర్వాత గట్టుకున్న కమ్మీ పట్టుకుని, నోటితో గాలి పీల్చి, ముఖం నీళ్లలో పెట్టి మెల్లగా బుడగలు వదలమంది. మొదటిసారి రెండు బుడగలకే తల ఎత్తేశాను. వారం తిరిగేసరికి పది అంకెలు లెక్కపెట్టేదాకా వదలగలిగాను. ఇందులో కిటుకు తర్వాత తెలిసింది. ఊపిరిని నెమ్మదిగా, నిండుగా బయటికి వదిలితే గుండె వేగం తగ్గుతుంది. కంగారులో మనం గాలిని లోపలికే లాక్కుంటూ ఉంటాము, వదలడం మరిచిపోతాము. బుడగలు వదులుతూ కంగారుపడటం కష్టం. మీకు వేదిక ఎక్కే ముందు కొలను ఉండదు కానీ, ఊపిరి ఉంటుంది.

మా ఊరి అమ్మాయే వెన్నం జ్యోతి సురేఖ. నాలుగేళ్ల వయసులో కృష్ణా నదిని ఈది దాటింది. ఐదు కిలోమీటర్లు, మూడు గంటలకు పైగా! పెద్దయ్యాక విల్లు పట్టుకుని, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమె పోటీలో గురి 50 మీటర్ల దూరంలో ఉంటుంది, ఫైనల్లో ఒక్కో బాణానికి 20 సెకన్లే సమయం. ఆమె పేరు చెప్పి పిల్లలను పోల్చి చిన్నబుచ్చే పెద్దలను చూశాను. అది నాకు నచ్చదు. ఏ పిల్లయినా మొదటి రోజే ఐదు కిలోమీటర్లు ఈదదు. మొదట ఎవరో ఒకరు నీళ్లలో నడుము కింద చెయ్యి పెట్టి పట్టుకునే ఉంటారు. మీకూ అలాంటి చెయ్యి ఒకటి కావాలి. అడగండి. అడగడం నామోషీ కాదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఈ ఉత్తరం చదివి ఎవరూ నదిలోకి గానీ, కాలువలోకి గానీ పెద్దవాళ్లు లేకుండా దిగవద్దు. బ్యారేజీ దగ్గర ప్రవాహాన్ని చూసి భయపడితే అది భయం కాదు, బుద్ధి. నేను మాట్లాడుతున్నది కొత్తది కాబట్టి మాత్రమే వణికించే వాటి గురించి. ఏది ఏదో తెలియకపోతే ఇంట్లో అడగండి.

ఎదుటివాళ్లు నవ్వుతారేమోనన్న భయం ఇంకొకటి. నాకూ ఉండేది. కానీ కొలనులో నా పక్కన కమ్మీ పట్టుకున్న వాళ్లందరూ తమ బుడగలు తాము లెక్కపెట్టుకుంటున్నారు.

ఇరవై మూడో రోజున వెల్లకిలా తేలాను. నేర్పే అమ్మాయి తన అరచెయ్యి ఎప్పుడు తీసేసిందో తెలియలేదు. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే నీరే మనిషిని మోస్తుందని పుస్తకంలో చదివాను. వీపు కింద ఎవరి చెయ్యీ లేదని తెలిసిన ఆ క్షణం మాత్రం పుస్తకంలో లేదు. అప్పుడూ గుండె కొట్టుకుంటూనే ఉంది. ఇప్పటికీ కొలనులో దిగే ముందు కొట్టుకుంటుంది. ధైర్యం వచ్చాక దిగుదామనుకున్న 51 ఏళ్లలో అది రాలేదు. పాదాలు తడిసిన రోజు నుంచి కొంచెం కొంచెంగా వస్తోంది.

పక్క వాటా పాపా, రేపు తరగతిలోకి వెళ్లి ఆడవద్దులే. గోడవారగా కూర్చుని అడుగుల లెక్క విని రా. నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

2028లో మళ్లీ పుష్కరాలు. నాకు 70 ఏళ్లు వస్తాయి. మనవరాలి చెయ్యి పట్టుకుని, ఘట్టం దగ్గర కట్టిన గొలుసుకు ఇవతలే, మూడు మునకలు వేస్తాను. ఇత్తడి చెంబు ఇంకా అటక మీద ఉంది. ఈసారి దాన్ని నీళ్లు ఇంటికి తెచ్చుకోవడానికి తీసుకువెళతాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ